సర్వరునందు దస్త్రములను భద్రముగా పంచుకొను విధము

నేటి పాఠశాలలలో మార్కుల పట్టీలు, హాజరు లెక్కలు, ఫీజుల జాబితాలు, ప్రశ్నపత్రములు మొదలగున వన్నియు కాగితములనుండి కంప్యూటరులోనికి చేరినవి. పూర్వము ఇవి ఆఫీసుగదిలోని ఇనుప బీరువాలో నుండెడివి. తాళముచెవి ప్రధానోపాధ్యాయుని యొద్దనో, గుమాస్తా యొద్దనో యుండెడిది. బీరువా ఎవరు తీసిరో, ఎప్పుడు తీసిరో ఆ గదిలో కూర్చున్నవారి కంటికి కనబడుచుండెడిది. ఇప్పుడు ఆ లెక్కలే సర్వరు అను నొక కంప్యూటరునందుండగా, ఉపాధ్యాయులు తమ తమ గదులనుండియే వానిని తెఱచుచున్నారు. తెఱచినవారు కంటికి కనబడరు. కావున "వచ్చినది ఎవరు?" అనియు, "వారు ఏమి చేయవచ్చును?" అనియు రెండు ప్రశ్నలను సర్వరే అడుగవలసి యున్నది. మొదటి ప్రశ్నకు గుర్తింపు అనియు, రెండవదానికి అనుమతి అనియు పేరు పెట్టుకొందము. సర్వరు ఈ రెండు ప్రశ్నలను సరిగా నడుగునట్లు దానిని సిద్ధపఱచుట యెట్లో ఈ వ్యాసమునందు తెలుపబూనితిని. పై తరగతుల విద్యార్థులు దీనిని కంప్యూటరు గదిలో చేసి చూడవచ్చును. తమ బిడ్డల వివరములను పాఠశాలవారు ఎట్లు కాపాడవలెనో తలిదండ్రులును దీనివలన ఎఱుగుదురు.

ఒక కంప్యూటరులోని దస్త్రమును మఱియొక కంప్యూటరు తెఱచుటకు ఆ రెండింటికిని తెలిసిన భాష యొకటి కావలెను. అట్టి భాషను 1983లో ఐ.బి.ఎమ్. కంపెనీయందు బారీ ఫైగెన్‌బామ్ అను నాతడు రూపొందించెను. దానికి ఎస్.ఎమ్.బి. అని పేరు. మైక్రోసాఫ్టు కంపెనీవారు దానిని పెంచి తమ విండోసులో వాడుకొనిరి. పిమ్మట 1991 చివరను, ఆస్ట్రేలియా దేశమునందలి కాన్‌బెర్రా నగరములో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ విద్యార్థియగు ఆండ్రూ ట్రిడ్జెల్, తీగమీద పోవుచున్న సమాచారమును శ్రద్ధగా పరిశీలించి, దాని నియమములను గ్రహించి, యూనిక్సు యంత్రముకూడ ఆ భాషను మాటలాడునట్లు ఒక ప్రోగ్రాము వ్రాసెను. దానికి తాను మొదట పెట్టిన పేరు మఱియొక కంపెనీవారిదగుటచే, ఎస్, ఎమ్, బి అను అక్షరములు వరుసగా వచ్చు మాటల కొఱకు కంప్యూటరులోని పదముల పట్టికను వెదకించెను. అందు దొరికిన మాటయే సాంబా. అది బ్రెజిలు దేశపు నృత్యము పేరు. మన సాంబారుతో దానికి సంబంధ మేమియు లేదు. ఈ ప్రోగ్రాము లినక్సు కంప్యూటర్లలో ఉచితముగా లభించును గనుక, ధనము తక్కువగల పాఠశాలలకు మిక్కిలి అనుకూలము. ఒక పాత కంప్యూటరుపై లినక్సును, సాంబాను ఎక్కించినచో విండోసు కంప్యూటర్లకు అది సర్వరు కాగలదు.

విండోసు 95, 98 వాడుకలో నున్న కాలమున పాస్‌వర్డు పెట్టు పద్ధతులు రెండు కలవు. ఒకటి గదికి పెట్టునది; రెండవది మనిషికి పెట్టునది. ఒక ఫోల్డరును నలుగురికి తెఱచి యుంచినచో దానిని షేరు అందురు. ఆ షేరునకు ఒక పాస్‌వర్డు నిర్ణయించి, కావలసిన వారందఱికిని దానిని చెప్పుట మొదటి పద్ధతి. పాస్‌వర్డు చెప్పగలిగినవాడు ఎవడైనను సర్వరునకు ఒక్కటే. వాడు ఉపాధ్యాయుడో, పిల్లవాడో, దారిన పోవువాడో దానికి తెలియదు. ఇందు అనుమతి యున్నది గాని గుర్తింపు లేదు.

ఈ పద్ధతికి సంబంధించిన ఒక విచిత్రమైన లోపము 2000 సంవత్సరము అక్టోబరులో వెల్లడి యయ్యెను. గణితము చదువు విద్యార్థులు దీనిని విని సంతోషింతురు. విండోసు 95, 98, మీ అను వానిలో, వచ్చిన పాస్‌వర్డును అసలు పాస్‌వర్డుతో పోల్చునప్పుడు, ఎన్ని అక్షరములు పోల్చవలెనో నిర్ణయించునది సర్వరు కాదు. వచ్చినవాడు చెప్పిన లెక్కయే దానికి ప్రమాణము. వచ్చినవాడు ఒక్క అక్షరము పంపి "నా పాస్‌వర్డు ఒక్క అక్షరమే" యనినచో, సర్వరు మొదటి అక్షరము మాత్రమే పోల్చి, సరిపోయినచో తలుపు తీసెడిది. ఎనిమిది ఆంగ్లాక్షరములతో చేయదగిన పాస్‌వర్డులు ఎన్ని? 26ను ఎనిమిది సారులు వేసి గుణించినచో 2,08,82,70,64,576 వచ్చును. ఈ లోపము వలన అన్నింటిని ప్రయత్నింప నక్కఱలేదు. 26 ప్రయత్నములతో పని తీరును. మైక్రోసాఫ్టువారు దీనిని సవరించిరి. సాంబా వారైతే 2012 డిసెంబరులో వెలువరించిన 4.0తో, గదికి పాస్‌వర్డు పెట్టు పద్ధతినే తీసివేసిరి.

యంత్రములనుండి తొలగిన యా పద్ధతి మన అలవాటులనుండి తొలగలేదు. సర్వరునందు "స్కూల్" అని యొక పేరు, దానికొక పాస్‌వర్డు పెట్టి ఉపాధ్యాయులందఱును దానినే వాడుకొనుట సాధారణముగా జరుగుచున్నది. ఇది పేరునకు మనిషి పాస్‌వర్డు. నిజమునకు గది పాస్‌వర్డే. దీనివలని చెఱుపు ఎట్టిదో చూడుడు. ఒక బాలిక లెక్కలలో 71 మార్కులు తెచ్చుకొన్నదనియు, పట్టీలో 17 అని పడినదనియు అనుకొందము. ఉపాధ్యాయురాలు తాను సరిగానే వ్రాసితి ననుచున్నది. సర్వరు తనలో వ్రాసికొను దినచర్యను తీసి చూడగా "స్కూల్ అను వ్యక్తి మంగళవారము సాయంకాలము 4 గంటలకు మార్చెను" అని మాత్రమే యుండును. ఆ పేరు పండ్రెండుగురిది. అప్పుడు అనుమానము ఎవరిమీదకి పోవును? సాధారణముగా అందఱికంటె చిన్నయుద్యోగిమీదకి, అనగా కంప్యూటరు ముందు ఎక్కువసేపు కూర్చుండు గుమాస్తామీదకి పోవును. తాను చేయలేదని చూపుటకు అతనికి ఆధార మేదియు నుండదు. ఎవరి పేరు వారికే యున్నచో, తప్పు చేసినవారు తెలియుట యటుండగా, చేయనివారు నిర్దోషులని తెలియును. ఈ రెండవది మొదటిదానికంటె ముఖ్యమని నా యభిప్రాయము.

ఇక పాస్‌వర్డు తీగమీద ఎట్లు పోవునో తెలిసికొందము. తీగమీద పోవు మాటలను నడుమ వినువా డుండవచ్చును గనుక పాస్‌వర్డును ఉన్నదున్నట్లు పంపుట ప్రమాదము. అందుచే సర్వరు "నీ పాస్‌వర్డు చెప్పు" మని యడుగదు. అప్పటికప్పుడు పుట్టించిన ఒక పెద్ద సంఖ్యను పంపి, "దీనిని నీ పాస్‌వర్డుతో కలిపి లెక్క కట్టి, వచ్చిన ఫలమును పంపు" మనును. సర్వరుకూడ తన యొద్దనున్న గుర్తుతో అదే లెక్క కట్టును. రెండు ఫలములును ఒక్కటైనచో వచ్చినవాడు పాస్‌వర్డు ఎఱిగినవాడే. ఈ లెక్క గుణకారమువంటి దైనచో వినువాడు భాగహారము చేసి రహస్యమును రాబట్టును. కాబట్టి వెనుకకు నడువని లెక్కను వాడుదురు. పసుపును సున్నమును కలిపినచో ఎఱ్ఱనగును. ఆ యెఱుపునుండి పసుపును, సున్నమును వేఱు చేయుట సులభము కాదు. ఈ లెక్కయు నట్టిదే. మఱునాడు సర్వరు వేఱొక సంఖ్య పంపును గనుక, నిన్నటి జవాబును దొంగిలించినవానికి అది నేడు పనికిరాదు.

ఐనను ఒక చిక్కు కలదు. సంఖ్యను, జవాబును విన్నవాడు ఇంటికి పోయి, నిఘంటువులోని ఒక్కొక్క మాటతో ఆ లెక్క కట్టి, ఏది సరిపోవునో తీరికగా చూచుకొనవచ్చును. కంప్యూటరునకు అలసట లేదు. పాఠశాల పేరు, ఊరి పేరు, పుట్టిన సంవత్సరము పాస్‌వర్డుగా పెట్టుకొన్నవారు ఈ పరీక్షలో నిమిషములలో ఓడిపోవుదురు. పొడవే పాస్‌వర్డునకు బలము. సంబంధము లేని నాలుగైదు మాటలను చేర్చి పెట్టుకొనుట ఉత్తమము.

ఇక పనిలోనికి దిగుదము. ఈ ఆజ్ఞలు ఆంగ్లాక్షరములలోనే యుండును గనుక, ఇచట తెలుగు లిపిలో వ్రాసిన ఆజ్ఞలను మీరు ఆంగ్లమున కొట్టవలెను. మార్కుల పట్టీల కొఱకు "మార్క్స్" అను షేరు కావలెననుకొందము. ఉపాధ్యాయులు అందు వ్రాయవలెను. గుమాస్తా చదివి అచ్చు తీయవలెను గాని మార్చరాదు. పిల్లలకు ప్రవేశము లేదు. మొదట "గ్రూప్‌యాడ్" అను ఆజ్ఞతో "ఆఫీస్" అను గుంపును ఏర్పఱచి, "యూజర్‌యాడ్" అను ఆజ్ఞతో ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరు చొప్పున సృష్టించి, అందఱిని ఆ గుంపులో చేర్చవలెను. వీరు దస్త్రములు తెఱచుటకే గాని సర్వరుపై కూర్చుండి ఆజ్ఞలు కొట్టుటకు కాదు. కావున వారి షెల్లును "నోలాగిన్" అని నిర్ణయింపవలెను.

తరువాత ఫోల్డరును సృష్టించి, దాని యజమానిగా రూటును, గుంపుగా ఆఫీసును పెట్టి, అనుమతిని 2770 అని యుంచవలెను. ఈ యంకెల యర్థము తెలియక చాలమంది కంఠస్థము చేయుచున్నారు. అది యక్కఱలేదు. చదువుటకు 4, వ్రాయుటకు 2, లోనికి ప్రవేశించుటకు 1. మూడును కలిసిన 7. మొదటి 7 యజమానికి, రెండవ 7 గుంపునకు, చివరి సున్న యితరులకు. ముందున్న 2 ఏమన, ఆ ఫోల్డరులో ఎవరు క్రొత్త దస్త్రము సృష్టించినను అది ఆఫీసు గుంపునకే చెందునని. ఆ 2 లేనిచో లెక్కల ఉపాధ్యాయుడు వ్రాసిన పట్టీ ఆతని స్వంత గుంపునకు చెంది, తరగతి ఉపాధ్యాయురాలు దానిని తెఱవలేక కష్టపడును.

పిమ్మట సాంబాకు పాస్‌వర్డులు తెలుపవలెను. లినక్సునందు పాస్‌వర్డు పెట్టియున్నను అది సాంబాకు చాలదు. ఏలయన లినక్సు తన పాస్‌వర్డును ఒకవిధమైన వెనుకకు నడువని లెక్కలో దాచును. పైన చెప్పిన ప్రశ్నోత్తరమునకు సాంబాకు వేఱొక లెక్కలో దాచిన గుర్తు కావలెను. ఒకదానినుండి రెండవదానిని పుట్టింప వీలులేదు. అందుచేత "ఎస్.ఎమ్.బి.పాస్‌వర్డ్" అను ఆజ్ఞను "ఎ" అను గుర్తుతో ప్రతి పేరునకును నడుపవలెను. ఆ యాజ్ఞను ఆంగ్లమున వ్రాయునప్పుడు వర్డ్ అను భాగమున ఓ, ఆర్ అను అక్షరములు లేవని గమనింపుడు. విద్యార్థులు ఇక్కడనే ఎక్కువసేపు ఆగిపోవుదురు. ఎవరి పాస్‌వర్డు వారే స్వయముగా వచ్చి కొట్టవలెను. ప్రధానోపాధ్యాయునికైనను అది తెలియ నక్కఱలేదు.

సాంబా నిబంధనల దస్త్రములో "మార్క్స్" అను శీర్షిక క్రింద కొన్ని పంక్తులు వ్రాయవలెను. "పాత్" అనునది ఫోల్డరు ఉండు చోటు. "వాలిడ్ యూజర్స్" అనునది ప్రవేశింపదగినవారి పేర్లు. గుంపు పేరు ముందు అట్ గుర్తు పెట్టినచో గుంపులోనివారందఱును అని యర్థము. "రీడ్ ఓన్లీ" యనుదానికి నో యనియు, "రీడ్ లిస్ట్" అనుదానికి గుమాస్తా పేరును వ్రాసినచో, ఇతరులు వ్రాయగలరు, గుమాస్తా చదువగలడు. "గెస్ట్ ఓకే" యనుదానికి నో. "క్రియేట్ మాస్క్" 0660, "డైరెక్టరీ మాస్క్" 2770.

ఇచ్చట గ్రహింపవలసిన దేమనగా, గుమ్మములు రెండు. సాంబా యనుమతి ఒకటి, లినక్సు ఫోల్డరు అనుమతి రెండవది. రెండింటిలో ఏది బిగువుగా నున్నదో దానిదే తీర్పు. ప్రవేశము దొరకనప్పుడు ఏ గుమ్మమువద్ద ఆగితిమో వెదకుటకు మాఱుగా, ఫోల్డరు అనుమతిని 777 అని మార్చి, "పని జరిగినది" అని సంతోషించువారు కలరు. అది తాళము పడలేదని గోడ పడగొట్టుట వంటిది.

నిబంధనల మొదటి భాగమైన గ్లోబల్ అను శీర్షిక క్రింద సర్వరునకంతకు వర్తించు పంక్తులుండును. "మ్యాప్ టు గెస్ట్" అనుదానిని నెవర్ అని పెట్టుడు. ఉబుంటు మొదలగు పంపిణీలలో ఇది బ్యాడ్ యూజర్ అని యుండును. అనగా తెలియని పేరుతో వచ్చినవానిని త్రోసిపుచ్చక అతిథిగా లోనికి తీసికొనును. పేరు తప్పు కొట్టిన ఉపాధ్యాయురాలు తాను లోనికి వచ్చితిననుకొని, తన ఫోల్డరు కనబడక తికమక పడును. "సర్వర్ మిన్ ప్రోటోకాల్" అనుదానిని ఎస్.ఎమ్.బి. 3 అనియు, "ఎస్.ఎమ్.బి. ఎన్‌క్రిప్ట్" అనుదానిని రిక్వైర్డ్ అనియు పెట్టుడు. గుర్తింపు ముగిసిన తరువాత తీగమీద పోవునవి మార్కులే. వానినికూడ నడుమ వినువానికి అర్థము కాకుండ మాఱువ్రాతలో పంపుట ఈ రెండవదాని పని. ఈ సౌకర్యము 2012లో వచ్చిన మూడవ తరముతోనే మొదలైనది. "హోస్ట్స్ అలౌ" అనుదానిలో పాఠశాల కంప్యూటర్ల సంఖ్యలు మాత్రమే వ్రాయుట మంచిది. అది తోటకు కంచె వంటిది. కంచె యున్నదని ఇంటి తాళము తీసివేయరాదు.

మొదటి తరము భాషను ఏల మానవలెనో చెప్పవలసి యున్నది. 2017 మే 12వ తేదీన వానాక్రై అను చెడుప్రోగ్రాము ప్రపంచమంతట వ్యాపించి, దస్త్రములకు తాళములు వేసి, విడిపించుటకు సొమ్ము అడిగెను. బ్రిటనులో ఆసుపత్రులు రోగులను త్రిప్పిపంపవలసి వచ్చెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని దీని వాత పడినట్లు పత్రికలలో వచ్చెను. అది ఎవరి పాస్‌వర్డును దొంగిలింపలేదు. విండోసునందు మొదటి తరము ఎస్.ఎమ్.బి. పలుకు భాగములో నున్న లోపముగుండ, గుర్తింపు ప్రశ్న రాకముందే లోనికి జొచ్చెను. ఆ లోపమునకు సవరణ మార్చి 14వ తేదీననే వెలువడియుండెను, వేసికొననివారు నష్టపోయిరి. సాంబా వారికిని ఆ మే నెలలోనే వేఱొక పెద్దలోపము బయటపడగా 24వ తేదీన సవరణ నిచ్చిరి. 2019లో వచ్చిన 4.11 నుండి సాంబా తనంతట మొదటి తరమును మూసియే యుంచుచున్నది. కావున సవరణలను వెంటనే వేసికొనుట, సర్వరు యొక్క 445వ ద్వారమును ఇంటర్నెట్టు వైపు ఎన్నడును తెఱవకుండుట, ఈ రెండును తప్పనిసరి. ఇంటినుండి మార్కులు చూడగోరువారికి వేఱు మార్గములు కలవు. అది ఈ పాఠమునకు బయటిది.

నిబంధనలు వ్రాసిన వెంటనే "టెస్ట్‌పార్మ్" అను ఆజ్ఞతో వానిని పరీక్షింపవలెను. సాంబా తనకు తెలియని పంక్తిని చూచినచో పని మానదు. దానిని విడిచిపెట్టి సాగిపోవును. "వాలిడ్ యూజర్స్" అనుదానిలో చివరి ఎస్ అక్షరము మఱచినచో, ఆ పంక్తి లేనట్లే. అప్పుడు సర్వరునందు పేరున్న ప్రతివానికిని సాంబా గుమ్మము తెఱచియుండును. లినక్సు గుమ్మము సరిగా నుండినచో అదృష్టము. టెస్ట్‌పార్మ్ ఇట్టి పంక్తులను ఎత్తి చూపును. పిదప సాంబాను తిరిగి ప్రారంభించి చూడవలెను. ఇచ్చట విద్యార్థులు చేయు పొరపాటు ఏమన, సరియైన పేరుతో లోనికి పోగలిగిన వెంటనే పరీక్ష ముగిసినదనుకొందురు. లోనికి పోరాని వారు పోలేకుండుటయే చూడవలసినది. తప్పు పాస్‌వర్డుతో ప్రయత్నింపుడు. లేని పేరుతో ప్రయత్నింపుడు. విద్యార్థి పేరుతో ప్రయత్నింపుడు. గుమాస్తా పేరుతో లోనికి పోయి ఒక మార్కు మార్చి దాచబూనుడు. ఈ నాల్గింటను సర్వరు కాదనవలెను.

ఉపాధ్యాయుల గదిలో అందఱికిని కలిపి ఒకే కంప్యూటరు ఉన్నచో మఱియొక జాగ్రత్త కావలెను. విండోసు పాస్‌వర్డు అడుగునప్పుడు "జ్ఞాపకముంచుకొనుమా?" అని యొక చిన్నగడి చూపును. మొదట వచ్చినవారు అందు గుర్తు పెట్టినచో, తరువాత వచ్చినవారెల్ల వారి పేరుతోనే లోనికి పోవుదురు. ఇంతసేపు పడిన శ్రమ యంతయు ఆ చిన్నగడివలన వ్యర్థమగును. మఱియు ఒకే విండోసు ప్రవేశమునుండి ఒక సర్వరునకు రెండు పేర్లతో ఒకేసారి పోవుటకు వీలులేదు. ప్రయత్నించినచో 1219 అను సంఖ్యగల తప్పు చూపును. కావున ఒక్కొక్క ఉపాధ్యాయునికి విండోసునందును వేఱు ప్రవేశము ఏర్పఱచి, పని ముగియగానే బయటికి వచ్చు అలవాటు చేయవలెను. తలిదండ్రులు పాఠశాలవారిని అడుగదలచినచో ఈ ప్రశ్నయే అడుగుట మేలు: "మా బిడ్డ మార్కులను మార్చినవారి పేరు మీ సర్వరు చెప్పగలదా?" చెప్పుటకు సాంబాలో "ఫుల్ ఆడిట్" అను ఉపకరణము కలదు. ఎవరు, ఏ కంప్యూటరునుండి, ఏ దస్త్రమును తెఱచిరో, మార్చిరో, తుడిచివేసిరో అది పంక్తి పంక్తిగా వ్రాయును.

చివరగా బదిలీల సంగతి. ఉపాధ్యాయురాలు ఒకరు వేఱు పాఠశాలకు పోయినప్పుడు ఆమె పేరును సర్వరునుండి పూర్తిగా తుడిచివేయవలెనని తోచును. అట్లు చేయరాదు. లినక్సు మనుష్యులను పేర్లతో గాక సంఖ్యలతో గుర్తుంచుకొనును. పేరు తుడిచినను ఆమె వ్రాసిన పట్టీలపై ఆ సంఖ్య నిలిచియుండును. తరువాత చేరిన క్రొత్త ఉపాధ్యాయునికి ఆ సంఖ్యయే వచ్చుట కవకాశము కలదు. అప్పుడు పాత పట్టీలన్నియు ఆతడు వ్రాసినట్లు కనబడును. కావున ఎస్.ఎమ్.బి.పాస్‌వర్డ్ ఆజ్ఞను "డి" అను గుర్తుతో నడిపి ప్రవేశమును మాత్రము ఆపవలెను. ఈ పని బదిలీ యుత్తరువు వచ్చిన దినముననే చేయదగినది. ఆమె తిరిగి ఈ పాఠశాలకే వచ్చినచో "ఇ" అను గుర్తుతో నడిపిన చాలును. పాత పేరు, పాత పాస్‌వర్డు మరల పనిచేయును.